‘తాతయ్యని కూడా నీళ్ళలో వదిలారా నాన్నా?’

ఈసారి ఉత్తరం జర్మనీ నించి, వుప్పర్టాల్ అనే ఊరి నించి వచ్చింది. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యట్లేదు. చాలా పెద్ద ఉత్తరం, అందుకే ముందు విషయం నా మాటల్లో క్లుప్తంగా చెప్పి తర్వాత జవాబు రాస్తున్నా.

రాసినావిడకి 34 ఏళ్ళు. భర్తది రాజమండ్రి, డ్యూసెల్‌డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజూ ట్రైన్‌లో వెళ్ళొస్తాడు. ఒక్కతే పాప, ఐదేళ్ళు నిండాయి, మూడో ఏటి నించీ అక్కడి కిండర్‌గార్టెన్‌కే వెళ్తోంది, ఇంట్లో తెలుగు, బయట జర్మన్. నాలుగు నెలల కిందట మావగారు గుండెపోటుతో ఉన్నట్టుండి పోయారు. భర్త ఒక్కడే దొరికిన ఫ్లైట్ పట్టుకుని వెళ్ళి, కర్మకాండ అంతా చేసి, కోటిలింగాల రేవులో అస్థికలు కలిపి, మూడు వారాలకి తిరిగొచ్చాడు. వచ్చిన మర్నాడే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. పాపకి మాత్రం "తాతయ్య ఊరెళ్ళారు" అని చెప్పారు, ఇప్పటిదాకా అదే మాట నడిచింది. కిందటి సెలవుల్లో రాజమండ్రి వెళ్ళినప్పుడు ఆ తాతయ్యే రోజూ సాయంత్రం గొడుగేసుకుని పాపని గోదావరి గట్టుకి తీసుకెళ్ళి పిడత కింద పప్పు కొనిపెట్టేవారట, అందుకని ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నానమ్మ కనపడగానే పాప ముందు అడిగేది "తాతయ్య వచ్చేశారా" అనే.

పాప డల్‌గా ఉంటోందేమిటని కిండర్‌గార్టెన్ టీచర్ అడిగితే ఈవిడ వచ్చీరాని జర్మన్‌లో మా మావగారు చనిపోయారు అని చెప్పింది. ఆ టీచర్ తర్వాతి వారం పాపనీ ఇంకో ఇద్దరు పిల్లల్నీ పక్కన కూచోబెట్టుకుని ఒక బొమ్మల పుస్తకం చదివింది, పాప అడిగితే ఇంటికి కూడా ఇచ్చి పంపింది. అందులో ఒక బాతు, పుర్రె తలకాయతో గళ్ళ అంగీ వేసుకున్న మృత్యువు, ఒక ట్యులిప్ పువ్వు. చివర్లో బాతు చచ్చిపోతుంది, మృత్యువు దాన్ని ఎత్తుకెళ్ళి పెద్ద నది నీళ్ళ మీద పడుకోబెట్టి మెల్లగా తోస్తాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర పాప "తాతయ్యని కూడా నీళ్ళలో వదిలారా నాన్నా?" అని అడిగింది. భర్త కంచం ముందు నించి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత లోపలికొచ్చి, చిన్నపిల్లకి పుర్రె బొమ్మలు చూపించే చోట మన పిల్ల ఉండక్కర్లేదు, కంప్లైంట్ ఇస్తాను, వేరే చోట సీటు చూస్తాను, అసలు మనింటి విషయం బయట చెప్పమని నీకెవరు చెప్పారు అని కేకలేశాడు. ఇదివరకు అదే కిండర్‌గార్టెన్ నించి తెచ్చిన మోల్ (నేలలో బొరియలు తవ్వుకునే చిన్న జంతువు) పుస్తకం మాత్రం ఆయనే రోజూ రాత్రి చదివి పాపతో కలిసి పడీ పడీ నవ్వేవాడట. సంగతి ఫోన్‌లో అత్తగారికి తెలిసి, ఏడాది తిరక్కుండా ఇంట్లో ఆ బొమ్మేమిటి, అపశకునం, ముందు పిల్లకి దిష్టి తియ్యి అన్నారు. ఆవిడ వచ్చే నెల మూడు నెలల వీసా మీద వీళ్ళ దగ్గరికి వస్తున్నారు. పాపేమో కాగితం మీద బాతునీ ఆ గళ్ళ అంగీ మనిషినీ వేసి ఫ్రిజ్‌కి అంటించింది, బాతు మీద గొడుగు ఎందుకేసిందో తెలీదు అని కూడా రాశారు.

"పుస్తకం దాచెయ్యాలా? తప్పు టీచర్‌దా నాదా? నిజం చెప్తున్నా అక్కా, రాత్రి అందరూ పడుకున్నాక నేనొక్కదాన్నీ ఆ పుస్తకం చదువుకుని ఏడ్చాను, అది నాకు నచ్చింది, ఆ మాట మా ఆయనతో అనలేకపోతున్నా. అసలు ఎవరీ బొమ్మలేసినాయన, పిల్లల పుస్తకంలో చావుని ఎందుకు పెట్టాడు? అత్తయ్య వచ్చేలోపు నేనేం చెయ్యాలి? ఫ్రిజ్ మీద బొమ్మ తీసెయ్యనా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా తల్లీ, ఏమనుకోకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. టీచర్ గురించీ కిండర్‌గార్టెన్ గురించీ రెండు పేజీలు రాశావు, మీ ఆయన కంచం ముందు నించి లేచిపోయిన సంగతి ఒక్క లైన్లో రాసి వదిలేశావు. నాకు మాత్రం అసలు విషయమంతా ఆ లైన్లోనే కనపడింది. ఎందుకంటే పాప అడిగినదానికి జవాబు "అవును" అనే కదా. ఆయన చేతుల్తోనే వదిలాడు. తండ్రి అస్థికలు పట్టుకుని నీళ్ళలోకి దిగి, పంతులుగారు చెప్పినట్టు వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా గట్టెక్కి, ఆ కాసిన్ని రోజులూ వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ కాఫీలు భోజనాలు చూసుకుని, ఫ్లైటెక్కి వచ్చి మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచిన మనిషి. మీరిద్దరూ నాలుగు నెలలుగా ఆ మాట ఎత్తలేదని నువ్వే రాశావు. అలాంటి మనిషిని అన్నం తింటుండగా ఐదేళ్ళ కూతురు, ఎవరూ చెప్పకుండానే, తను చేసిన పనిని చూసొచ్చినట్టు అడిగింది. పుర్రె బొమ్మ సంగతి ఆయన నోట్లోంచి అరగంట తర్వాత వచ్చింది, గమనించావా. ముందు ఆయన్ని తాకింది ఆ నీళ్ళు. కాబట్టి కిండర్‌గార్టెన్ మీద కంప్లైంట్ గురించి మీరిద్దరూ ఎంత వాదించుకున్నా తెగదు, గొడవ దాని గురించి కాదు గనక.

ఇక బొమ్మలేసినాయన గురించి అడిగావు. ఆయన మీ ఊరాయనే. వుల్ఫ్ ఎర్ల్‌బ్రుఖ్, 1948 జూన్ 30న మీ వుప్పర్టాల్‌లోనే పుట్టారు, 2022 డిసెంబర్ 11న అక్కడే పోయారు, 74 ఏళ్ళకి. మీరు రోజూ ఎక్కే ఆ వేలాడే రైలు, వుప్పర్ నది మీదుగా పోయే ష్వేబెబాన్, ఆయన పుట్టేనాటికే దాదాపు యాభై ఏళ్ళ నించీ నడుస్తోంది. ఆయన మొదట్నించీ పిల్లల ఆర్టిస్టేం కాదు. ఎస్సెన్‌లో ఫోక్‌వాంగ్ స్కూల్లో 1967 నించి 1974 దాకా గ్రాఫిక్ డిజైన్ చదివి, చాలా ఏళ్ళు అడ్వర్టైజింగ్‌కీ, ష్టెర్న్, ఎస్క్వైర్ లాంటి మ్యాగజైన్లకీ బొమ్మలేసి బతికారు. ముప్పై ఏడో ఏడు వచ్చే టైముకి, 1985లో, మీ ఊళ్ళోనే ఉన్న పీటర్ హామర్ అనే పబ్లిషర్స్‌కి ఒక పుస్తకం చేశారు, ఘనా దేశపాయన జేమ్స్ ఆగ్రే చెప్పిన కథ, కోళ్ళ మధ్య పెరిగి తనూ కోడినే అనుకునే గద్ద కథ. అదీ పిల్లల పుస్తకాల్లో ఆయన మొదటి అడుగు. తర్వాత 1991లో కుక్కలంటే వణికిపోయే ఒక పిల్లాడి పుస్తకం చేసి ఆ పిల్లాడికి తన కొడుకు పేరే పెట్టారు, లియోనార్డ్ అని. ఆ కొడుకు కూడా పెద్దయ్యాక ఆర్టిస్టే అయ్యాడు.

ఇప్పుడొక మాట చెప్తాను, ఇది నీకు తెలిసినట్టు లేదు, ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. మీ ఆయన పాపని ఒళ్ళో కూచోబెట్టుకుని రోజూ చదివిన ఆ మోల్ పుస్తకం ఉందే, నేలలోంచి తల పైకెత్తగానే ఎవరో నెత్తిన దొడ్డికి కూచుంటే, ఆ పని చేసిందెవరని పావురాన్నీ గుర్రాన్నీ కుందేలునీ మేకనీ ఆవునీ పందినీ వరసగా అడుక్కుంటూ వెళ్ళి, చివరికి ఈగల సాయంతో కసాయివాడి కుక్క అని కనిపెట్టే కథ, ఆ బొమ్మలూ ఈయనవే. కథ వెర్నర్ హోల్ట్స్‌వార్ట్ అనే ఆయన రాశారు, బొమ్మలు ఎర్ల్‌బ్రుఖ్, 1989లో వచ్చింది, ఎన్నో భాషల్లోకి వెళ్ళింది, ప్రపంచమంతా ఆయన పేరు తెలిసింది ఆ పుస్తకంతోనే. మీ ఇంట్లో పాపనీ వాళ్ళ నాన్ననీ కలిపి నవ్వించిన చెయ్యీ, ఆయన్ని కంచం ముందు నించి లేపేసిన చెయ్యీ ఒకటే. ఈ ముక్క మీ ఆయనకి చెప్పు. వాదన గెలవడానికి చెప్పొద్దు, ఊరికే, టీ తాగుతున్నప్పుడు, "తెలుసా, ఆ రెండు పుస్తకాలూ ఒకాయనవేనట, ఈ ఊరాయనేనట" అని చెప్పి ఊరుకో. చిన్నపిల్లల్ని భయపెట్టాలని కూచున్న ఎవడో పరాయివాడి పుస్తకం కాదని తెలిస్తే కోపంలో కొంతైనా తగ్గుతుంది.

చావుని ఎందుకు పెట్టాడు అన్నావు. ఆయన బొమ్మలు చూస్తే నాకర్థమైంది ఏంటంటే పిల్లలకి ఆయన ఏదీ తీపి పూసి ఇవ్వరు. దొడ్డికి వెళ్ళడం పిల్లలకి తెలిసిన విషయమే కాబట్టి అదీ వేస్తారు, భయం తెలిసిందే కాబట్టి భయమూ వేస్తారు. మీ పాప చూసిన ఆ ‘బాతు, మృత్యువు, ట్యులిప్’ పుస్తకం 2007లో వచ్చింది, అప్పటికి ఆయనకి అరవై దగ్గర పడ్డాయి, కథా బొమ్మలూ రెండూ ఆయనవే. అంతకు నాలుగేళ్ళ ముందు ఫ్రాన్సులో వచ్చిన ఇంకో పుస్తకంలో కూడా, మనం ఎందుకు పుట్టాం అన్న ప్రశ్నకి పిల్లీ పైలటూ అన్నయ్యా తలా ఒక జవాబు చెప్తుంటే, మృత్యువు కూడా వచ్చి జవాబు చెప్తుంది, బతుకుని ప్రేమించడానికి పుట్టావు అని. ఆ మాట ఎవరి చేత చెప్పించారో చూడు. అంటే చాలా ఏళ్ళుగా ఆయన బుర్రలో తిరుగుతున్న విషయమే ఇది.

ఆ బాతు పుస్తకంలో పేజీల్లో బొమ్మల చుట్టూ అంతా ఖాళీ, నువ్వు చూసే ఉంటావు, చెట్టొకటీ చెరువొకటీ తప్పితే ఏమీ ఉండదు. పిల్లకి ఆలోచించుకోవడానికి ఆ ఖాళీ సరిపోతుంది. మృత్యువు బాతుని తరుముకుంటూ రాడు, నువ్వు పుట్టినప్పట్నించీ నీ పక్కనే ఉన్నాను అంటాడు. ఇద్దరూ కలిసి చెరువుకెళ్తారు, తడిసి మృత్యువుకి చలేస్తే బాతు వెచ్చగా కప్పుతానంటుంది, అలా ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నాకు ఆ పేజీ దగ్గర గొంతు పట్టేసింది, నువ్వు ఏడ్చింది కూడా అక్కడేనా? చచ్చిపోయాక ఏమవుతుంది అని బాతు అడుగుతుంది, కొన్ని బాతులు దేవదూతలం అయిపోతామంటాయి, కొన్ని నరకంలో వేయిస్తారంటాయి అంటుంది, మృత్యువు అవుననడు, కాదనడు. చివర్లో మంచు కురుస్తుంది, బాతు ఊపిరి ఆగిపోతుంది, మృత్యువు చెదిరిన ఈకలు సర్ది, ఎత్తుకెళ్ళి, నీళ్ళ మీద పెట్టి, పక్కన పువ్వు పెట్టి, కనపడినంతసేపూ చూస్తూ నిలబడతాడు. మన రేవులో మనం చేసేది కూడా దాదాపు ఇదే కదమ్మా. పాపకి ఆ పోలిక ఎవరూ చెప్పలేదు, తనే పట్టేసింది, అదీ గోదావరి గట్టు మీద తాతయ్య చెయ్యి పట్టుకుని తిరిగిన పిల్ల కాబట్టి.

పిల్లల పుస్తకాలవాళ్ళకిచ్చే అవార్డుల్లో ఆయనకి 2006లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు, 2017లో ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ అవార్డు వచ్చాయి, 50 లక్షల స్వీడిష్ క్రోనార్ల అవార్డు అది, జర్మనీలో అందుకున్న మొదటి మనిషి ఆయనే. ఇది నీ ధైర్యం కోసం చెప్తున్నా, మీ ఆయనకి చూపించి ఒప్పించడానికి కాదు. ఎంత గొప్ప పుస్తకమైనా తండ్రి పోయిన నాలుగు నెలలకి అందరికీ పడాలని లేదు. నీకు నచ్చడం తప్పు కాదు, ఆయనకి నచ్చకపోవడమూ తప్పు కాదు. ఆ పుస్తకం ఆయన చేత చదివించాలని మాత్రం ప్రయత్నం చెయ్యకు.

ఇప్పుడు తప్పెవరిదో చూద్దాం. టీచర్‌కి నువ్వు మావగారు పోయారని చెప్పావు, పాపకి ఆ సంగతి తెలీదని చెప్పలేదు. పాపకి తెలుసనే ఆవిడ అనుకుంది, తనకి తెలిసిన మంచి పుస్తకం తెచ్చి చదివింది. ముందు మీకొక మాట చెప్పి చదివుంటే బావుండేది, ఆ లోపం ఆవిడ వైపు ఉంది, అడగాల్సిందే. నీ వైపు లోపం అంటావా, అది నీ ఒక్కదానిదీ కాదు, ఇంట్లో అందరూ కలిసి పాపకి చెప్పిన ఆ "ఊరెళ్ళారు" అన్న మాటలో ఉంది.

అది అబద్ధమని తిట్టట్లేదు నేను. మన భాషే అలాంటిది. పోయారు అంటాం, వెళ్ళిపోయారు అంటాం, పెద్దవాళ్ళకి అందులో ఏముందో తెలుసు, ఐదేళ్ళ పిల్లకి పోవడమంటే పోవడమే, పోయినవాళ్ళు వస్తారు, నాన్న డ్యూసెల్‌డార్ఫ్ పోయి సాయంత్రం వచ్చినట్టు. మా ఇంట్లో కూడా నా ఆరో ఏట మా అమ్మమ్మ విషయంలో ఇదే జరిగింది, నేను ఏడాది పాటు బస్సు దిగిన ప్రతి ముసలావిడ మొహంలోకీ తొంగి చూసేదాన్ని, ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనేదో చేస్తే అలిగి వెళ్ళిందేమో అనుకున్నాను కూడా. ఆ వయసు పిల్లలకి ఏది జరిగినా తమవల్లే జరిగిందేమో అనిపిస్తుంది. కొందరికి నాన్న సూట్‌కేసు సర్దితే భయం పట్టుకుంటుంది, "నిద్రపోయారు" అని చెప్తే నిద్రపోవడానికే భయపడతారు. మీ పాప సంగతి ఇంకా విచిత్రం. తాతయ్య చనిపోయారన్న సంగతి ఆ పిల్లకి జర్మన్‌లో తెలిసింది, తెలుగులో తెలీదు. జర్మన్‌లో మృత్యువుని మగవాడిగా చెప్తారు కదా, అందుకే పాప "ఆయన గళ్ళ అంగీ ఎందుకేసుకున్నారు" అని అడిగిందని రాశావు. తాతయ్య మాత్రం తెలుగులో మాట్లాడే తాతయ్య. ఆ మాట ఇంట్లో, తెలుగులో, మీ నోటి నించి విననంతవరకూ ఆ పిల్ల రెండు నిజాలు మోస్తూ తిరుగుతుంది, కిండర్‌గార్టెన్‌లో తాతయ్య చనిపోయారు, ఇంట్లో తాతయ్య ఊరెళ్ళారు. ఆదివారం కాల్‌లో ఇప్పుడు తాతయ్య వచ్చేశారా అని అడగడం మానేసింది అని సంతోషంగా రాశావు, నాకది చదివితే కంగారేసింది. మానేసింది అంటే తెలిసిపోయి మానేసింది, మీరు బాధపడతారని మానేసింది.

మీ ముందు ఏయే దారులున్నాయో చెప్తాను, ఏది పట్టుకోవాలో మీరిద్దరే తేల్చుకోవాలి.

మీ ఆయన అన్నట్టు కంప్లైంట్ ఇచ్చి పాపని అక్కడి నించి తీసెయ్యొచ్చు. మీకా హక్కు ఉంది. కానీ అక్కడ సీటు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు, ఇంకో చోట దొరికేలోపు నెలలు పట్టొచ్చు. అంతకన్నా ముఖ్యం, పాపకి అర్థమయ్యేదేంటంటే నేను తాతయ్య గురించి అడిగాను, నాన్న కేకలేశాడు, నా టీచరూ నా ఫ్రెండ్సూ పోయారు అని. ఇంక జన్మలో అడగదు. దీనికి బదులు తల్లిదండ్రులతో విడిగా మాట్లాడే అపాయింట్‌మెంట్ అడగండి, అక్కడ అది మామూలే కదా, ఎల్టర్న్‌గెష్‌ప్రెఖ్ అంటారు. ఇద్దరూ వెళ్ళండి. మీ ఆయన చెప్పాల్సింది ఆయన్నే చెప్పనీ, ఇలాంటివి చదివే ముందు మాకు చెప్పాలి, మా ఇంట్లో ఇంకా ఏడాది గడవలేదు, మా పద్ధతులు ఇవీ అని. ఆ టీచర్ కూడా, పాప అక్కడ తాతయ్య గురించి ఏం చెప్తోందో మీకు చెప్తుంది. అది మీకు చాలా అవసరం. మీ ఆయన రానంటే నువ్వొక్కదానివే వెళ్ళు, కానీ ఆయనకి చెప్పి వెళ్ళు, ఈసారి ఆయనకి తెలీకుండా ఏమీ జరక్కూడదు.

రెండో దారి, పుస్తకం తిరిగిచ్చేసి, బొమ్మ తీసేసి, ఏమీ జరగనట్టు ఉండటం. చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది, నిజం చెప్పాలంటే నువ్వు ఏమీ చెయ్యకపోతే మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. కొన్నాళ్ళు ప్రశాంతంగానే ఉంటుంది. వచ్చే నెల ఎయిర్‌పోర్టులో నానమ్మ ఒక్కతే బయటికొస్తుంది. పాప వెనక్కి చూస్తుంది. అక్కడ అందరి ముందూ "తాతయ్యేరీ" అంటుందో, లేకపోతే అన్నీ తెలిసి ఏమీ అడక్కుండా నిలబడుతుందో చెప్పలేం, ఏదైనా మీ అత్తగారికి అది చాలా కష్టం.

మూడోది చెప్పడం. ఎవరు చెప్పాలి, ఎప్పుడు, ఏ మాటల్లో అన్నది మీ చేతుల్లో ఉంది. నా మనసులో మాట అడిగితే, అత్తగారు వచ్చేలోపు మీ ఆయన చెప్తే మంచిది, ఎందుకంటే ప్రశ్న పాప ఆయన్నే అడిగింది, నిన్ను కాదు. కానీ ఆయన వల్ల కాకపోతే నువ్వు చెప్పు, ఆయన పక్కన కూచుంటే చాలు. దానికి ముందు నువ్వు ఆయన్ని ఒక్కటి అడగాలి తల్లీ, నాలుగు నెలలుగా అడగనిది. ఆ రోజు రేవులో ఎలా ఉంది అని. పాప నిద్రపోయాక, పుస్తకం ఊసు లేకుండా, టీచర్ ఊసు లేకుండా. చెప్తే విను. చెప్పకపోతే ఒత్తిడి చెయ్యకు, అడిగావన్న సంగతి ఆయన లోపల ఉండిపోతుంది. నువ్వు బయట చెప్పావన్న కోపం కూడా, నాకనిపించేది, ఇంట్లో మాట్లాడుకోని విషయం బయటివాళ్ళతో మాట్లాడావన్న బాధ. దానికి మాత్రం సారీ చెప్పు, అది న్యాయమే.

మాటలు ఎలా ఉండాలంటే చాలా మామూలుగా. "తాతయ్య చనిపోయారు. ఆయన గుండె ఆగిపోయింది, డాక్టర్లు మళ్ళీ నడిపించలేకపోయారు. చనిపోయినవాళ్ళు తిరిగి రారు. నీవల్ల కాదు, ఎవరివల్లా కాదు. మేం ఊరెళ్ళారని చెప్పాం, అలా చెప్పకుండా ఉండాల్సింది." తర్వాత తను అడిగిన ప్రశ్నకి జవాబు, అవును, నేనే గోదావరిలో వదిలాను అని. కాల్చడం గురించి ఇప్పుడే చెప్పాలా అంటే అడిగితే చెప్పండి, అడిగినంత వరకే చెప్పండి, చనిపోయాక ఒంటికి నొప్పి తెలీదన్నది మాత్రం ముందు చెప్పి. చెప్పాక ఏమవుతుందో కూడా తెలుసుకుని దిగండి. ఆ పిల్ల విని వెంటనే ఆడుకోవడానికి వెళ్ళిపోవచ్చు, మీకు మనసు చివుక్కుమంటుంది, పిల్లలు అలాగే ఉంటారు. తర్వాత పదిసార్లు అదే అడగొచ్చు. "నాన్నా నువ్వూ చచ్చిపోతావా" అని తప్పకుండా అడుగుతుంది, దానికి ఎప్పటికీ చావను అనకండి, చాలా ఏళ్ళు నీతోనే ఉండాలని నా ఒంటిని జాగ్రత్తగా చూసుకుంటున్నాను అనండి. రాత్రిళ్ళు ఉలిక్కిపడటం, పక్క తడపడం కొన్నాళ్ళు ఉంటే కంగారు పడొద్దు, వారాల తరబడి తిండీ ఆటా మానేస్తే మాత్రం పిల్లల డాక్టర్‌కి చూపించండి. మీ ఆయనకి చెప్తూ చెప్తూ ఏడుపొస్తే రానీ. నాన్న ఏడవడం చూస్తే పిల్ల భయపడదు, ఆ బాల్కనీ తలుపు మూసుకోవడం చూసి భయపడింది.

మన కథలు చెప్పమంటావా అని అడిగావు, యముడి కథలు మనకీ ఉన్నాయి కదా అని. ఉన్నాయి. కానీ సావిత్రి కథ ఇప్పుడు వద్దు, దయచేసి వద్దు. సావిత్రి వెంటపడి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది అని వింటే పాప తర్వాత వేసే ప్రశ్న ఏంటో ఆలోచించు, నానమ్మ ఎందుకు తేలేదు అంటుంది, అదీ మీ అత్తగారి మొహం మీద. మార్కండేయుడూ అంతే, బతికి బయటపడ్డాడు. నచికేతుడి కథ వేరు. చిన్న పిల్లాడు యముడి గుమ్మం ముందు మూడు రాత్రులు తిండి లేకుండా కూచుంటాడు, యముడు వచ్చి అయ్యో అతిథిని ఇంతసేపు కూచోబెట్టానే అని బాధపడి మూడు వరాలిస్తాడు, ఆ పిల్లాడు ఏనుగులూ బంగారం ఇస్తానన్నా వద్దని, చచ్చిపోయాక ఏమవుతుందో చెప్పమని పట్టుబడతాడు. బాతు అడిగిందీ అదే. మీ ఆయనకి ఇది తెలియని కథ కాదు, పిల్లలతో చావు మాట్లాడటం మన ఇళ్ళలో లేదు అనిపిస్తే ఈ కథ గుర్తుచేసుకోమను. ఇది కూడా మీరు నిజం చెప్పేశాకే, దానికి బదులుగా కాదు.

అత్తగారి గురించి. ఆవిడ అపశకునం అంటే చాదస్తం అనుకోకు. ఏళ్ళ తరబడి కాపురం చేసిన మనిషి పోయి నాలుగు నెలలు, కొడుకింట్లో మృత్యువు బొమ్మ ఉందంటే ఆవిడ ఒళ్ళు జలదరించడం సహజం. దిష్టి తియ్యమంటే తియ్యి, లేకపోతే వచ్చాక ఆవిడ చేత్తోనే తీయించు, ఎవరికీ నష్టం లేదు, ఆవిడకి పిల్ల కోసం ఏదో చేశానన్న తృప్తి. పుస్తకం ఆవిడ కళ్ళబడే చోట ఉంచకు, కానీ పాపకి చెప్పి తియ్యి, నానమ్మకి ఆ బొమ్మ చూస్తే తాతయ్య గుర్తొచ్చి ఏడుపొస్తుంది, కొన్నాళ్ళు మన గదిలో పెట్టుకుందాం అని. దాచడం వేరు, ఎదుటి మనిషి కోసం పక్కన పెట్టడం వేరు, ఆ తేడా ఐదేళ్ళ పిల్లకి అర్థమవుతుంది. ఇంకొకటి, పాపకి చెప్పేశామని ఆవిడకి ముందే ఫోన్‌లో మీ ఆయన చేత చెప్పించు, లేకపోతే ఆవిడ పాపం ఇక్కడికొచ్చి కూడా ఆ ఊరెళ్ళారన్న నాటకం ఆడాల్సి వస్తుంది. రాజమండ్రి ఇంట్లో ఆవిడతో ఇప్పుడు ఆయన గురించి ఎవరు మాట్లాడుతున్నారు? వచ్చినవాళ్ళంతా మర్చిపోండి, ధైర్యంగా ఉండండి అనే అంటారు. మీ పాప ఒక్కతే ఆవిడని "తాతయ్యకి పిడత కింద పప్పు ఇష్టమా" అని అడిగే మనిషి. ఆవిడ ఏడుస్తుంది, కానీ చెప్తుంది కూడా. మూడు నెలలు ఉంటుంది, ఆ మూడు నెలల్లో మీ నలుగురిలో బాగా మాట్లాడుకునేది ఆ ఇద్దరే అయినా నేను ఆశ్చర్యపోను.

ఎర్ల్‌బ్రుఖ్ పుస్తకాలు ఇంకా కావాలంటే మీ ఊరి లైబ్రరీలో అడుగు. ప్రతి చిన్నదానికీ కంగారుపడే ఒకావిడ గూట్లోంచి పడిన పిట్టపిల్లని పెంచి, దానికి ఎగరడం నేర్పించడానికి తనే చెట్టెక్కి ఎగిరే కథ ఒకటుంది, 1995లో వచ్చింది, పేరు ఫ్రౌ మయర్, డీ ఆమ్‌జెల్. అందులో ఎవరూ చచ్చిపోరు. అత్తగారి ముందు నిక్షేపంగా చదవొచ్చు, బొమ్మలు చూస్తూ నువ్వు తెలుగులో చెప్పుకుంటూ పోవచ్చు. మోల్ పుస్తకం చదవడం మళ్ళీ మొదలుపెట్టమని మీ ఆయన్ని అడగమని పాపకే చెప్పు. ఆ రాత్రి గొడవ తర్వాత ఆయన పాపకి ఏ పుస్తకమూ చదవట్లేదని రాశావు కదా, నాకు దానిమీదే ఎక్కువ బెంగగా ఉంది.

ఇక ఫ్రిజ్ మీద బొమ్మ. అత్తగారు వచ్చే ముందు రోజు దాకా ఉండనీ, తర్వాత పాపనే తీసి ఎక్కడ పెట్టుకుంటుందో పెట్టుకోమను. ఈలోపు మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు, ఆయనకి వినపడేలా, ఆ బొమ్మలో ఎవరెవరున్నారో పాపని అడుగు. వాన లేకుండా బాతుకి గొడుగెందుకో నీకు తెలీదన్నావు. ఆ గొడుగు ఎవరిదో అడిగావా?